వించ్ కొనేముందు హిచ్ పిన్ను చూడండి



జూన్ వచ్చేసింది. డ్రూరీ, పొకేనో వైపు కొత్త ఇళ్ళ సైట్లలో పనిచేసే మనవాళ్ళకి ఇక మూడు నెలలు బంకమట్టితోనే కాపురం. పొద్దున గట్టిగా ఉన్న దారి మధ్యాహ్నం వాన పడేసరికి జారుడుబండ అయిపోతుంది. సామాన్లు నింపుకున్న యూట్ గేటు దాటి పది గజాలు పోతుంది, ఇక అక్కడే కూర్చుంటుంది. అందుకే ఈ సీజన్‌లో మమ్మల్ని అందరూ అడిగేది ఒకటే: "అన్నా, యూట్ వెనక హిచ్‌లో పెట్టుకుని, పనయ్యాక తీసేసే వించ్ కొందామనుకుంటున్నాం. ఎన్ని పౌండ్లది తీసుకోమంటారు?"

మేం ఇంజనీర్లం కాదు. పదో తరగతితో పుస్తకాలు మూసేసి, సెంట్రింగ్ పనితో మొదలెట్టి, గల్ఫ్ మీదుగా ఇక్కడికి వచ్చి సూపర్వైజర్లమైన వాళ్ళం. కానీ తాడు, కప్పీ, షాకిల్, బరువు - వీటితోనే మా రోజు గడుస్తుంది. అందుకని మా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్తున్నాం. "ఎన్ని పౌండ్లు" అన్నది మొదటి ప్రశ్న కాదు, ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న "ఆ లాగుడంతా చివరికి దేనిమీద పడుతుంది?" రెండోది "లాగుతున్నప్పుడు మన మనిషి ఎక్కడ నిలబడతాడు?" ఈ రెండింటికీ జవాబు దొరికాక పౌండ్ల లెక్క దానంతట అదే తేలుతుంది.

ముందు వస్తువేంటో చూద్దాం. యూట్ వెనక బంపరు కింద చదరపు గొట్టం ఉంటుంది చూడండి, లోపలి కొలత 50 మిల్లీమీటర్లు, అదే హిచ్ రిసీవర్. ట్రైలర్ లాగేటప్పుడు టో బాల్ ఉన్న నాలుక అందులోకే దూరుతుంది. ఈ పోర్టబుల్ వించ్‌కి ఒక ఇనప తొట్టిలాంటి ఫ్రేము ఉంటుంది, దాని తోక కూడా ఆ గొట్టంలోకే వెళ్తుంది. అడ్డంగా ఒక పిన్ను వేస్తే బిగుసుకుంటుంది. ఆ పిన్ను మందం మామూలుగా 16 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలంత. వించ్ ఎంత లాగినా ఆ బరువంతా ఆ వేలంత పిన్ను మీదుగానే బండికి చేరాలి. ఈ ముక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంకో సంగతి. న్యూజీలాండ్‌లో అన్ని యూట్లకీ ఈ చదరపు గొట్టం ఉండదు. చాలా బళ్ళకి బోల్టులతో బిగించిన బల్లపరుపు నాలుకే ఉంటుంది. దానికి హిచ్ వించ్ ఎక్కదు. కాబట్టి డబ్బు కట్టకముందు బండి వెనక వంగి ఒకసారి చూడండి.

ఇప్పుడు పెట్టె మీద నంబరు సంగతి. వించ్‌లని ప్రపంచమంతా పౌండ్లలోనే అమ్ముతారు. 9,500 పౌండ్లంటే సుమారు 4,300 కిలోలు. 12,000 పౌండ్లంటే సుమారు 5,440 కిలోలు. పెద్ద నంబరు చూడగానే మనకి ధైర్యం వస్తుంది. కానీ ఆ నంబరు డ్రమ్ము మీద తాడు ఒక్క పొర మాత్రమే మిగిలినప్పటిది. తాడు పొర మీద పొర చుట్టుకునే కొద్దీ డ్రమ్ము లావెక్కుతుంది, లాగే బలం తగ్గుతుంది. నాలుగో పొరకి వచ్చేసరికి మూడో వంతు దాకా పోతుంది. అంటే ఇరుక్కున్న బండి ఐదు మీటర్ల దూరంలోనే ఉండి, తాడంతా డ్రమ్ము మీదే ఉంటే, మీ 9,500 వించ్ ఆరున్నర వేల దగ్గరే ఆయాసపడుతుంది. చాలామంది "వించ్ డూప్లికేటు అంటగట్టాడు" అని షాపువాణ్ణి తిడతారు. తప్పు షాపుది కాదు, డ్రమ్ము లెక్కది.

ఇక మట్టి వైపు లెక్క చూడండి. బళ్ళు బయటకి లాగే పని చేసేవాళ్ళు, మిలిటరీ వాళ్ళు కూడా, వాడే మోటు లెక్క ఒకటుంది. బండి చక్రాల మట్టానికి దిగితే దాన్ని కదపడానికి బండి బరువంత బలం కావాలి. ఫెండర్ల దాకా దిగితే రెండింతలు. క్యాబ్ దాకా దిగితే మూడింతలు. మన డబుల్ క్యాబ్ యూట్ నిండా లోడుతో మూడు టన్నులు దాటుతుంది. ఫెండర్ల దాకా దిగితే ఆరు టన్నుల పైన లాగుడు కావాలి. 12,000 పౌండ్ల వించ్ మొదటి పొర మీద కూడా అంత లాగలేదు. కాబట్టి "పెద్దది కొంటే ఎక్కడైనా లాగేస్తుంది" అన్న మాట ఉత్తదే. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫాను వచ్చి హాక్స్ బే వైపు ఎస్క్ లోయలో ఇళ్ళూ తోటలూ ఒండ్రులో కూరుకుపోయినప్పుడు అందరం చూశాం. అలాంటి బురదకి ఎక్స్‌కవేటర్ కావాలి, వించ్ కాదు.

మరి ఏం చెయ్యాలి? తవ్వాలి. సామాను దింపాలి. మన ఊళ్ళలో నల్లరేగడిలో లారీ దిగబడితే పెద్దవాళ్ళు ఏం చేసేవారు? ముందు బస్తాలు దింపించేవారు, తర్వాత చక్రాల ముందు మట్టి తీయించి రాళ్ళూ కంపా వేయించేవారు, అప్పుడు ట్రాక్టరుకి మోకు కట్టేవారు. ఈ వరసలో పెద్ద తెలివి ఉంది. మూడు టన్నుల పైనున్న యూట్లో టూల్ బాక్సులు, సిమెంటు బస్తాలు, జనరేటరు దింపేస్తే రెండు టన్నుల మూడొందల దగ్గరికి వస్తుంది. పైసా ఖర్చు లేకుండా వించ్ మీద దాదాపు టన్ను భారం తగ్గినట్టే కదా. పార పట్టుకుని పదిహేను నిమిషాలు తవ్వితే ఫెండర్ల దాకా ఉన్నది చక్రాల మట్టానికి వస్తుంది, లెక్క సగమైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఆ లాగుడు దేనిమీద పడుతుంది? ఇక్కడి యూట్ టో బార్ మీద స్టిక్కరు చూడండి. ఎక్కువ వాటికి బ్రేకులున్న ట్రైలర్‌కి 3,500 కిలోలు అని ఉంటుంది. అది చక్రాల మీద దొర్లుతూ వచ్చే ట్రైలర్ బరువు. వించ్ లాగుడుకి ఇచ్చిన మాట కాదది. ఆ టో బారు 5,440 కిలోల లాగుడిని ఆపుతుందా లేదా అని స్టిక్కరు చెప్పదు. టో బారు తయారు చేసినవాళ్ళని అడిగి, జవాబు ఈమెయిల్లో రాయించుకోండి. "వించ్ వాడకానికి ఇది పనికొస్తుంది, ఇంతవరకు" అని రాతపూర్వకంగా ఇవ్వకపోతే ఆ హిచ్‌కి వించ్ తగిలించకండి. నోటిమాట మీద వెళ్ళకండి.

అందుకే మా అభిప్రాయం: మామూలు డబుల్ క్యాబ్ యూట్‌కి, అంటే రేంజర్, హైలక్స్, డి-మాక్స్, ట్రైటన్ లాంటివాటికి, హిచ్‌లో పెట్టే వించ్ 9,500 పౌండ్ల తరగతి దాటకూడదు. టో బారు వాళ్ళు ఇచ్చిన అంకె అంతకంటే తక్కువుంటే ఆ అంకె దగ్గరే ఆగండి. మిగిలిన డబ్బు వించ్ చుట్టూ ఉండే సామాను మీద పెట్టండి.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. "బండి పూర్తి బరువుకి ఒకటిన్నర రెట్లు వించ్ ఉండాలి, అది అందరూ చెప్పే సూత్రం. మూడు టన్నుల రెండొందలకి ఒకటిన్నర రెట్లంటే నాలుగు టన్నుల ఎనిమిదొందలు. 9,500 చాలదు" అంటారు. సూత్రం నిజమే. కాకపోతే అది ఛాసిస్‌కి నాలుగు బోల్టులతో బిగించిన ముందు వించ్‌ని దృష్టిలో పెట్టుకుని వాడుకలోకి వచ్చింది. ఒక్క పిన్ను మీద వేలాడే వించ్‌కి దాన్ని గుడ్డిగా వర్తింపజేస్తే, వించ్ గట్టిగానే ఉంటుంది, ముందు పోయేది పిన్ను. తక్కువ పడిన బలాన్ని ఇంకో దారిలో తెచ్చుకోవచ్చు. ఆ దారి గిలక.

బావి దగ్గర గిలక అందరికీ తెలుసు. స్నాచ్ బ్లాక్ అంటే పక్కకి తెరుచుకునే గిలక, అంతే. చెట్టుకి గిలక కట్టి, వించ్ తాడు దానిచుట్టూ తిప్పి, కొస వెనక్కి తెచ్చి మన బండికే కట్టామనుకోండి. బండి మీద పడే లాగుడు రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది. ఇంకా ముఖ్యమైంది వినండి. బండి కదలడానికి నాలుగు టన్నులు కావాలంటే, ఒంటి తాడుతో ఆ నాలుగు టన్నులూ పిన్ను మీదే పడతాయి. గిలక వేస్తే పిన్ను మీద రెండే పడతాయి, మిగతా రెండూ తాడు కొస కట్టిన చోట పడతాయి. కానీ ఆ కొసని మళ్ళీ వించ్ ఫ్రేముకే, హిచ్‌కే కట్టకూడదు. అలా కడితే నాలుగు టన్నులూ మళ్ళీ ఆ పిన్ను మీదకే వస్తాయి, చేసిందంతా వృథా. ఛాసిస్‌కి బిగించిన వేరే రేటెడ్ రికవరీ పాయింటు ఉండాలి. అది లేకపోతే ముందు అది వేయించుకోండి, తర్వాతే వించ్. ఇక్కడ చెట్టు మీద మాత్రం మొత్తం నాలుగు టన్నులూ పడతాయి, కాబట్టి చెట్టు బాగా లావుది, వేళ్ళు గట్టిగా ఉన్నది చూసుకోవాలి.

రామ్ లాంటి పెద్ద అమెరికన్ బండి కొన్న మనవాళ్ళు కూడా కొందరున్నారు. ఖాళీగానే రెండున్నర టన్నులు దాటే బండి అది. దానికి హిచ్‌లో 9,500 వించ్ ఒంటి తాడుతో చాలదు. గిలక తప్పనిసరి, లేకపోతే ముందు ఛాసిస్‌కి బిగించిన వించ్‌కే వెళ్ళండి. హిచ్‌లోనే 15,000 పౌండ్లది పెట్టుకుందామనే ఆలోచన వద్దు.

పోర్టబులా, ఫిక్స్‌డా? ఈ వాదన ఎప్పుడూ ఉంటుంది. పోర్టబుల్ వైపు మేం చెప్పే కారణాలు ఇవి. ఒకటి, దిగబడ్డ బండికి మంచి దారి మామూలుగా వచ్చిన దారే. వెనకాల గట్టినేల ఉందని మనకి తెలుసు, ముందేముందో తెలీదు. వెనక్కి లాక్కునే వించ్ ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. రెండు, ఒక వించ్ నాలుగు బళ్ళకి తిరుగుతుంది. మూడు, ముందు బంపరుకి ఎప్పుడూ వేలాడే వించ్ ముందు ఇరుసు మీద రోజూ బరువే, డీజిల్ ఖర్చే. నాలుగు, రాత్రి ఇంట్లోకి తెచ్చి తాళం వేసుకోవచ్చు. యూట్లలోంచి సామాను పోవడం ఆక్లండ్‌లో ఉన్నవాళ్ళకి మేం చెప్పక్కర్లేదు.

పోర్టబుల్‌కి వ్యతిరేకంగా ఉన్న కారణాలు కూడా దాచకూడదు. ఫ్రేముతో కలిపి ముప్పై అయిదు, నలభై కిలోలు ఉంటుంది. బురదలో వంగి ఒక్కడే గొట్టంలోకి దూర్చబోతే నడుము పట్టేస్తుంది, ఇద్దరు పట్టాలి. ట్రైలర్ తగిలించి ఉన్నప్పుడు రిసీవర్ ఖాళీ ఉండదు, కాబట్టి మినీ డిగ్గర్ వేసుకుని వెళ్తూ దిగబడితే ఈ వించ్ వెంటనే పనికి రాదు. ముందు ట్రైలర్ విప్పి, యూట్‌ని గట్టినేల మీదకి తీసుకుపోయి, తోక ట్రైలర్ వైపు తిప్పి, అప్పుడు వించ్ పెట్టి ట్రైలర్ని లాక్కోవాలి. పని అవుతుంది, కానీ గంట పడుతుంది. మూడోది, అడ్డంగా లాగితే ఒప్పుకోదు. గొట్టంలోంచి బయటకి పొడుచుకొచ్చిన ఫ్రేము పలుగులాగా పనిచేసి రిసీవర్‌ని మెలి తిప్పేస్తుంది. నిటారు గీతకి పదిహేను డిగ్రీలు దాటకుండా చూసుకోండి. వారం వారం అడవి దారుల్లో తిరిగేవాళ్ళకి, ఫారంలో పనిచేసేవాళ్ళకి ముందు వించే మంచిది. సైటుకీ ఇంటికీ తిరిగే మనలాంటివాళ్ళకి పోర్టబుల్ చాలు.

పని లేనప్పుడు దాన్ని హిచ్‌లో వదిలేసి రోడ్డు మీద తిరగకండి. నంబరు ప్లేటు కనపడకపోతే జరిమానా. వెనక వచ్చే బండికి, నడిచే పిల్లల మోకాళ్ళకి అది ఇనప ముక్కు.

ఇక కరెంటు. మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. వించ్ గట్టిగా లాగేటప్పుడు 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. బ్యాటరీ బానెట్ కింద ఉంది, వించ్ తోక దగ్గర ఉంది. పోను ఆరు మీటర్లు, రాను ఆరు మీటర్లు, మొత్తం పన్నెండు మీటర్ల రాగి తీగ. 35 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 400 ఆంపియర్ల దగ్గర సుమారు 2.4 వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టుల్లో అంత పోతే మోటారుకి మిగిలేదేంటి? వేగం పడిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. 70 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం సగానికి, 1.2 వోల్టులకి దిగుతుంది. ఇనప రేకుల అంచులకి తగలకుండా గొట్టంలో పోనిచ్చి, బ్యాటరీ దగ్గర ఐసోలేటరు స్విచ్చి పెట్టించండి. లేకపోతే తీగ ఒరుసుకున్న రోజు బండి కాలిపోతుంది. వెనక తగిలించే ఆండర్సన్ ప్లగ్గు 175 ఆంపియర్లది కాకుండా 350ది తీసుకోండి. ఇంజను ఆన్‌లో ఉంచి, కొంచెం లాగి, ఆపి, మోటారు మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ లాగండి. ఆల్టర్నేటరు ఇచ్చేదానికంటే వించ్ తాగేది చాలా ఎక్కువ, మిగతాదంతా బ్యాటరీలోంచే పోతుంది.

కరెంటు గొడవే వద్దనుకునేవాళ్ళకి చేత్తో ఆడించే టిర్ఫర్ ఉంది. 1.6 టన్నులది, 3.2 టన్నులది దొరుకుతాయి. ముందుకైనా వెనక్కైనా పక్కకైనా లాగుతుంది, బ్యాటరీ అక్కర్లేదు. చెమట పడుతుంది, టైం పడుతుంది. ఏడాదికి ఒకసారి ఇరుక్కునేవాడికి అది చాలు.

తాడు విషయంలో మాకు రెండో ఆలోచన లేదు, సింథటిక్ తాడే తీసుకోండి. ఉక్కు తాడు తెగితే దానిలో దాగిన బలమంతా కొరడాలా తిరిగొస్తుంది. సింథటిక్ తాడు బరువు తక్కువ, తెగినా అంత దెబ్బ కొట్టదు. కానీ దానికి కూడా చివర కొక్కెమో షాకిలో ఉంటే అది ఎగురుతుంది, కాబట్టి మధ్యలో డ్యాంపర్ గుడ్డ వెయ్యాల్సిందే. ఎండకీ, ఇసుక ఒరుపుకీ సింథటిక్ తాడు త్వరగా పాడవుతుంది, సంచిలో పెట్టండి, వాడాక కడగండి. డ్రమ్ము మీద కొన్ని చుట్లు ఎప్పుడూ మిగలాలి: ఉక్కు తాడుకి కనీసం ఐదు, సింథటిక్‌కి పది దాకా. కొసదాకా విప్పేస్తే తాడు డ్రమ్ముకి ఉన్న చిన్న బోల్టు మీద వేలాడుతుంది.

షాకిల్ మీద డబ్ల్యూ.ఎల్.ఎల్. అంకె చెక్కి ఉండాలి. 4.75 టన్నులది దొరుకుతుంది, అది తీసుకోండి. అంకె లేనిది ఎంత మెరిసినా వద్దు. సైట్లో ఉన్న లిఫ్టింగ్ స్లింగు తెచ్చి బండి లాగకండి. ఒకసారి అలా వాడిన స్లింగుతో మళ్ళీ బరువు ఎత్తితే కింద నిలబడ్డవాడి ప్రాణం మీదకొస్తుంది. అలాగే ఈ వించ్‌తో దేన్నీ పైకి ఎత్తకండి. ఇది లాగడానికి చేసింది, ఎత్తడానికి కాదు. స్నాచ్ స్ట్రాప్ అనే సాగే బెల్టుని వించ్ తాడుతో కలపకండి, అది రబ్బరు ఉండేలులా బలం దాచుకుంటుంది.

టో బాల్ మాట విడిగా చెప్పాలి. ఆ గుండుకి తాడు తగిలించి లాగడం మనవాళ్ళలో ఇంకా చూస్తున్నాం. పక్కన ఆస్ట్రేలియాలో ఇలాగే బాల్ విరిగి, తుపాకి గుండులా వచ్చి మనుషుల్ని చంపిన సంఘటనలు ఉన్నాయి. దాన్ని చేసింది ట్రైలర్ లాగడానికి. ఇరుక్కున్న బండిని లాగడానికి ఎప్పుడూ కాదు.

చెట్టుకి కట్టేటప్పుడు వెడల్పాటి బెల్టు వాడండి, తాడు నేరుగా చుట్టకండి. నార్త్‌ల్యాండ్, ఆక్లండ్, కోరమాండల్ వైపు అడవుల్లో కౌరీ చెట్లకి అస్సలు కట్టొద్దు, దగ్గరికే పోవద్దు. కౌరీ డైబ్యాక్ అనే తెగులు మట్టిలోంచి వేళ్ళకి పాకుతుంది, బూట్లకీ టైర్లకీ అంటిన బురదతో ఊరూరా తిరుగుతుంది, మందు లేదు. మావోరీలకి ఆ చెట్టు ఎంత పెద్దదో ఇక్కడ ఉంటున్న మనకి తెలిసి ఉండాలి. మన ఊళ్ళో రావిచెట్టు వేళ్ళు ఎవడైనా నరికితే ఊరుకుంటామా? బండి బురద కడిగాకే అటు వెళ్ళండి.

ఇక అన్నిటికంటే పెద్ద మాట, మనిషి ఎక్కడ నిలబడాలి. తాడు బిగిసి ఉన్నప్పుడు చుట్టూ తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఎవరూ ఉండకూడదు. తాడు దాటకూడదు, తాడు మీద చెయ్యి వెయ్యకూడదు, తాడు గీతలో నిలబడకూడదు. రిమోట్ పట్టుకున్నవాడు బండి లోపల కూర్చోవాలి, లేదా పక్కకి దూరంగా పోవాలి. ఒక్కడే చెయ్యి చూపించాలి, ఒక్కడి మాటే నడవాలి.

ఇవన్నీ అందరికీ తెలుసు, మరి ఎందుకు జరగదు? ఒక సైట్లో మేం చూసిందే చెప్తాం, పేర్లు అనవసరం. ట్రక్కు దిగబడింది. లాగుతుంటే కొక్కెం జారిపోతోంది. ఫోర్‌మన్ ఒక కుర్రాడిని పిలిచి "కొక్కెం కాలితో తొక్కి పట్టుకో" అన్నాడు. వచ్చి నాలుగు నెలలైన కుర్రాడు, గుంటూరు వైపు నుంచి. వాడికి అది తప్పని తెలుసు, మొహంలో కనపడుతోంది. కానీ కాలు పెట్టాడు. మా వాళ్ళలో ఒకరు అరిచి ఆపారు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత వాడిని అడిగితే "వీసా ఆయన చేతిలోనే ఉంది కదా అన్నా" అన్నాడు.

ఆ ఒక్క మాటే మనవాళ్ళ అసలు సమస్య. 2022 జూలై నుంచి వస్తున్న అక్రెడిటెడ్ ఎంప్లాయర్ వర్క్ వీసా ఒక యజమానితో కట్టి ఉంటుంది. ఊళ్ళో అప్పు, ఏజెంటుకి కట్టిన డబ్బు, ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్ళు, ఇదంతా నెత్తి మీద పెట్టుకుని "నేను చెయ్యను" అనడం తేలిక కాదు. కానీ ఇక్కడ చట్టం మనవైపే ఉంది. హెల్త్ అండ్ సేఫ్టీ ఎట్ వర్క్ యాక్ట్ 2015, సెక్షన్ 83 ప్రకారం, తీవ్రమైన ప్రమాదం కళ్ళెదురుగా ఉందని నమ్మడానికి సరైన కారణం ఉంటే, పని ఆపే హక్కు, చెయ్యనని చెప్పే హక్కు పనివాడికి ఉంది. వీసా మీద ఉన్నా, పర్మనెంటు రెసిడెంటైనా ఒకటే చట్టం. ఆపినట్టు వెంటనే యజమానికి చెప్పాలి. ఇంగ్లీషు సరిగా రాకపోయినా "నాట్ సేఫ్, ఐ స్టాప్" అంటే చాలు, అర్థమవుతుంది. కంపెనీ యూట్‌కి కంపెనీ పని కోసం వించ్ వాడితే, దాన్ని మంచి స్థితిలో ఉంచడం, వాడే పద్ధతి నేర్పడం కంపెనీ బాధ్యత. "వీడియో చూసి నేర్చుకో" అనడం శిక్షణ కాదు.

దెబ్బ తగిలితే ఏ.సి.సి. ఉంది. వైద్యానికి సాయం చేస్తుంది, పని చెయ్యలేని రోజులకి జీతంలో 80 శాతం ఇస్తుంది, పనిలో జరిగిన దెబ్బకి మొదటి వారం యజమాని ఇస్తాడు. మంచి ఏర్పాటే, కాదనం. కానీ పోయిన కాలు 80 శాతం తిరిగి రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకెందుకు?

ఇన్ని చెప్పాక కూడా "అసలు మాకు వించ్ అవసరమా?" అని ఎవరైనా అడిగితే, చాలామందికి లేదనే చెప్తాం. పిల్లల్ని తీసుకుని నైంటీ మైల్ బీచ్ చూడ్డానికి పోయేవాడికి టైర్లలో గాలి తగ్గించే గేజి, మళ్ళీ నింపే చిన్న కంప్రెసరు, రెండు ట్రాక్షన్ పలకలు, ఒక పార చాలు. చట్టం లెక్కలో ఆ బీచ్ రోడ్డే, కానీ ఇసుకకి ఆ సంగతి తెలీదు. ఆటుపోట్ల టైం చూసుకోకుండా పోతే ఏ వించూ కాపాడదు, సముద్రంలో చెట్లుండవు కట్టడానికి.

నిజంగా అవసరమున్నవాళ్ళు నలుగురు కలిసి ఒకటి కొనండి. డబ్బు పెట్టే వరస మాత్రం ఇలా ఉండాలి: ముందు పార, ట్రాక్షన్ పలకలు. తర్వాత రేటెడ్ రికవరీ పాయింటు, 4.75 టన్నుల షాకిళ్ళు, గిలక, చెట్టు బెల్టు, డ్యాంపర్. తర్వాత 70 చదరపు మిల్లీమీటర్ల వైరింగు. ఆఖర్న, టో బారు వాళ్ళు రాసిచ్చిన అంకెకి లోబడి, 9,500 పౌండ్లు మించని వించ్, సింథటిక్ తాడుతో. ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళు మూడు నెలలకోసారి తాడంతా విప్పి, బరువు మీద మళ్ళీ సాఫీగా చుట్టాలి. పిన్ను వంగిందేమో, గీతలు పడ్డాయేమో ప్రతిసారీ చూడాలి. అనుమానం వస్తే కొత్తది వెయ్యండి. పిన్ను ఖరీదు మనిషి ఒకపూట భోజనం కంటే పెద్ద ఎక్కువేం కాదు.

ఈ పోస్టు మీ సైట్లో కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి చదివి వినిపించండి. పౌండ్ల లెక్క వాళ్ళు మర్చిపోయినా ఫర్వాలేదు. "తాడు బిగిసినప్పుడు దూరం జరగాలి, తొక్కమంటే తొక్కనని చెప్పాలి" - ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.